క్రీడాప్రసారములు: ఇంటి చందా, అంగడి చందా

శనివారము రాత్రి. అమెరికాలో ఒక చిన్న భోజనశాల. గోడనున్న టెలివిజనులో పేరుమోసిన ముష్టియుద్ధము సాగుచున్నది. బల్లలన్నియు నిండినవి. యజమాని తన ఇంటి పేరిట రుసుము చెల్లించియే ఆ పోటీని తెప్పించెను. ఇందు దొంగతనమెక్కడ అని ఆతని నమ్మకము. కొన్ని నెలలకు న్యాయస్థానమునుండి నోటీసు వచ్చును. ఇది ఊహాచిత్రమే యైనను, ఇట్టి వ్యాజ్యములు ఆ దేశమున కొల్లలు.

చిక్కు ఎక్కడున్నదో చూతము. 2015 మే 2న లాస్ వేగాస్‌లో మేవెదర్, పకియావోల పోటీ జరిగినది. దానిని ఇంట చూచుటకు వెల 90 నుండి 100 డాలర్ల వరకు ఉండెను. ఆ వెల ఒక కుటుంబమునకు మాత్రమే. వ్యాపారస్థలములలో చూపు హక్కును నిర్వాహకులు వేరుగా విక్రయింతురు. శాలలో ఎందరు పట్టుదురో లెక్కించి రుసుము నిర్ణయింతురు. పెద్ద పోటీలకది వేల డాలర్లకు చేరును. హక్కు కొన్న సంస్థ పరిశోధకులను పంపును. వారు సామాన్యులవలె కూర్చుండి, తెరలను, జనమును లెక్కించి, ప్రమాణపత్రము వ్రాసి యిత్తురు.

అచ్చటి ప్రసార చట్టములో 605వ విభాగము ప్రకారము ఒక్కొక్క ఉల్లంఘనకు 1,000 నుండి 10,000 డాలర్ల వరకు పరిహారము విధింపవచ్చును. లాభాపేక్షతో బుద్ధిపూర్వకముగా చేసినట్లు తేలినచో మరి 1,00,000 డాలర్ల వరకు హెచ్చింపవచ్చును. గెలిచిన హక్కుదారుని వకీలు ఖర్చులును ఓడినవాడే భరింపవలెను. “తెలియక చేసితిని” అన్నచో పరిహారము 250 డాలర్లకు తగ్గవచ్చునే కాని బాధ్యత తొలగదు. వ్యాపారము కంపెనీ పేరనున్నను, దానిని నడపుచు లాభము పొందువాడు స్వయముగా బాధ్యుడు కావచ్చును.

మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టము, 37వ విభాగమున, ప్రసార సంస్థకు 25 సంవత్సరముల హక్కు నిచ్చుచున్నది. అనుమతి లేక, రుసుము వసూలు చేసి, ప్రసారమును ప్రజలకు చూపుట ఆ హక్కును భంగపరచుటయే. 63వ విభాగము క్రింద ఆరు నెలలనుండి మూడేండ్ల వరకు ఖైదు, 50,000 నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా కలవు. టిక్కెట్టు పెట్టలేదు, కాఫీ మాత్రమే అమ్మితిమి అందురా? ఆ విభాగము వర్తింపకపోయినను, గృహ చందా ఒడంబడికను మీరినట్లు కావచ్చును.

కావున హోటలులో గాని, క్లబ్బులో గాని పోటీని చూపదలచువారు ముందుగా చందా పత్రమును చదువవలెను. అది గృహమునకా, వ్యాపారమునకా అని విచారింపవలెను. అనుమతిని వ్రాతమూలకముగా పొంది, రసీదు భద్రపరచవలెను. ఇంటి రుసుము కట్టిన రసీదు ఇందుకు చాలదు.

ప్రసారవృత్తిలోనున్న మాకు తెలిసిన మాట యొకటి. తెరపై కనబడు ఆటగాండ్ర వెనుక కెమెరా పట్టువారు, వ్యాఖ్యాతలు, యంత్రములు నడపువారు ఎందరో పనిచేయుదురు. ఆ రుసుములో వారి కూలియు నున్నది. చిన్న వ్యాపారికి ఒక రాత్రి లాభము ముఖ్యమే. కాని ఆ ఒక్క రాత్రి కొరకు ఏండ్ల కష్టార్జితమును పణముగా నొడ్డుట వివేకము కాదు.