రోట్లోనా? రోడ్లోనా?

మా ఆదివారం తెలుగు తరగతిలో ఏడుగురు పిల్లలు, ఒక అమ్మమ్మగారు. ఇక్కడ న్యూజెర్సీలో ఉదయం తొమ్మిదికి మొదలుపెడతాం. అప్పటికి తెనాలిలో ఆవిడకి సాయంత్రం ఆరున్నర. చలికాలంలో మన గడియారాలు వెనక్కి తిప్పాక ఏడున్నర అవుతుంది.

మొదట్లో స్క్రీన్ షేర్ చేసి పాఠం చెప్పేదాన్ని. పిల్లలు కెమెరా ఆపేసి పక్క ట్యాబ్‌లో ఆటలాడుకునేవారు. గంటసేపు నా మొహం చూస్తూ ఎవరు కూర్చుంటారు లెండి! అందుకని గూగుల్ డాక్స్‌లో ఒకే పేజీ తెరిచి, ఎవరింట్లో వాళ్లం కూర్చుని అందరం ఒకేసారి రాయడం మొదలుపెట్టాం.

అమ్మమ్మగారికి టైపింగ్ రాదు. ఫోన్ కీబోర్డులో తెలుగు పెట్టుకుని మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అక్షరాలు పడతాయని మనవడే నేర్పాడు. ఆ రోజు గోంగూర పచ్చడి చెబుతున్నారు. వేయించిన ఎండుమిరపకాయలు, మెంతులు ముందు నూరుకుని, తర్వాత మగ్గిన గోంగూర వెయ్యాలి. ఎక్కడ నూరాలి? ఆవిడ 'రోట్లో' అన్నారు, పేజీలో 'రోడ్లో' అని పడింది.

"అమ్మమ్మా, కార్లు రావా?" అని ఒకడు పక్కన కామెంటు పెట్టాడు.

నవ్వులయ్యాక చూస్తే, ఏడుగురిలో ఆరుగురికి రోలంటే తెలియదు. ఆవిడ ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్లి చూపించారు. రోలు, రోటిలో, రోట్లో. ఇలాంటివి ఇంకేం ఉన్నాయని అడిగితే పిల్లలే నింపడం మొదలెట్టారు: ఇల్లు - ఇంట్లో, నోరు - నోట్లో, కన్ను - కంట్లో. నేను వ్యాకరణం చెప్పి ఉంటే ఇందులో సగం కూడా వచ్చేది కాదు.

అక్కడే నేను తప్పు చేశాను. తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె 'ఊరు - ఊట్లో' అని రాసింది. వెంటనే చెరిపేసి 'ఊళ్లో' అని పెట్టాను. ఆ పిల్ల కర్సరు ఆగిపోయింది. ఆ రోజే కాదు, మరుసటి వారం కూడా ఒక్క ముక్క రాయలేదు. వాళ్లమ్మకి ఫోన్ చేస్తే, "ఎలాగూ టీచరే మార్చేస్తారుగా అంటోందండీ" అన్నారు.

వెర్షన్ హిస్టరీలోకి వెళ్లి తన మాట వెతికి, మూడోవారం మళ్లీ పేజీలో పెట్టాను. ఇది సరైనదేనా అని అందరినీ అడిగాను. "ఊళ్లో అంటామమ్మా, కానీ పిల్ల చెప్పినదాంట్లో న్యాయముంది" అన్నారు అమ్మమ్మగారు. నిజమే కదా, సూత్రం పట్టుకున్నది తనే. ఊరు 'ఊరి' అవుతుంది గానీ 'ఊటి' కాదని అప్పుడు మాట్లాడుకున్నాం. తన మాట తనే దిద్దుకుంది.

అప్పటినుంచి నేను సజెస్టింగ్ మోడ్‌లోనే ఉంటాను. పిల్లలు రాసింది అలాగే ఉంటుంది, నా మార్పు పక్కన రంగులో కనిపిస్తుంది. ఒప్పుకుని టిక్కు పెట్టేది వాళ్లే. కొన్నిసార్లు ఒప్పుకోరు కూడా.

ఇక అమ్మలకి ఒక మాట. పిల్లలు మీ అకౌంట్లతోనే వస్తారు కాబట్టి ఎవరు రాసినా మీ పేరే పడుతుంది. కానీ టైము దాగదు. శనివారం రాత్రి పదకొండున్నరకి 'మధురాతిమధురమైన గోంగూర' అని ఏ మూడో తరగతి పిల్లాడూ రాయడు. పక్కన కూర్చోండి, అడిగితే చెప్పండి, కీబోర్డు మాత్రం ముట్టుకోకండి. అలాగే 'లింకు ఉన్న ఎవరైనా' అనే సెట్టింగు వద్దు. పిల్లల పేజీ కదా, మీ ఈమెయిళ్లు ఒక్కొక్కటీ నేనే చేరుస్తాను.

వచ్చే ఆదివారం ఆవకాయ. జాడీ అంటే ఏంటని అప్పుడే పేజీలో ఒక ప్రశ్న పడింది. అడిగింది ఆ పిల్లే.