ఇరువది మార్కుల సంగతి

పదవ తరగతి చదువు పిల్ల ఇంటికి వచ్చి లోపలి మార్కులు పదునెనిమిది వచ్చినవని చెప్పినచో, ఆ లోపల నేమున్నదో పెక్కుమంది తలిదండ్రులకు తెలియదు. దానిని విప్పి చెప్పుటయే నా యీ ప్రసంగము.

మీలో ననేకులు చదివిన దినములలో సంవత్సరాంతమున నొక్క వ్రాతపరీక్షతోనే ఫలితము తేలిపోయెడిది. 2014-15లో తెలంగాణమున పదవ తరగతికి నిరంతర సమగ్ర మూల్యాంకనమను పద్ధతి వచ్చినది. దాని ప్రకారము విషయమునకు 80 మార్కులు వ్రాతపరీక్షకును, 20 మార్కులు బడిలోని యుపాధ్యాయుని పరిశీలనకును చెందును. ఈ యిరువదిని ఏటికి నాలుగు మారులు కట్టి సగటు తీయుదురు.

ఆ యిరువదియు నాలుగు అయిదులు. తరగతిలో పిల్లవాని భాగస్వామ్యమునకు ఒక అయిదు. స్వయముగా వ్రాసిన వ్రాతపనికి ఒక అయిదు. ప్రాజెక్టు పనికి ఒక అయిదు. చిన్న పరీక్షకు కడపటి అయిదు. చివరిదానిని గూర్చి చెప్పవలసినది లేదు. చిక్కంతయు మొదటిదానిలో నున్నది.

భాగస్వామ్య మనగా నేమి? ముందు బల్లపై గూర్చుండి ప్రతిదానికిని చేయెత్తువాడే పాల్గొన్నవాడా? ఇంట మాటలాడుటకే జంకు పిల్ల తరగతిలో నెట్లు నోరు విప్పును? అట్టి పిల్ల ప్రయోగము జాగ్రత్తగా చేసి, చూచినది చూచినట్లు పుస్తకమున వ్రాసియుండవచ్చును. తాను చదివిన కథనుగూర్చి తన మాటలలో నాలుగు పంక్తులు వ్రాసియుండవచ్చును. ఇదియు భాగస్వామ్యమే. నోరుగలవానికి అయిదు, నోరులేనిదానికి రెండు వేయుట న్యాయమని నేనొప్పుకొనను. ఏ దినమున ఏ పిల్ల యేమి చేసెనో అప్పటికప్పుడు గుర్తు వ్రాసికొను నుపాధ్యాయుడే న్యాయముగా తూచగలడు; నెలాఖరున జ్ఞప్తికి వచ్చిన ముఖములనుబట్టి మార్కులు వేయువాడు తూచజాలడు.

ప్రాజెక్టు సంగతియు నిట్టిదే. అంగడిలో దొరకు పుస్తకమునుండి యెత్తి వ్రాసి, రంగుకాగితము చుట్టి యిచ్చినది ప్రాజెక్టు గాదు. రోళ్లవాగు నీరు ఏ పొలములకు పారుచున్నదో, పసుపు ఉడుకబెట్టుటకు పూర్వమెంత కట్టె పట్టెడిదో, నేడెంత పట్టుచున్నదో మీవంటివారి నడిగి వ్రాసినది ప్రాజెక్టు. పిల్లవాడు కాగితము పట్టుకొని మీ యరుగు చెంతకు వచ్చినయెడల విసుగుకొనకుడు.

ఈ పద్ధతికి నింద లేకపోలేదు. అందరికిని ఇరువదికి ఇరువది పంచిపెట్టు బడులున్నవని చాల కాలముగా వినబడుచున్నది. 2024 నవంబరులో ప్రభుత్వము ఈ మార్కులను తొలగించి నూటికి నూరును వ్రాతపరీక్షకే యుంచ నిశ్చయించెను. సంవత్సరము నడుమ మార్పు తగదని ఆ యేటికి మానెను. పిమ్మట 2025-26కును పాతపద్ధతినే కొనసాగించెను. నా యభిప్రాయ మడిగినచో, త్రాసు చెడినదని తూచుటయే మానరాదు.

వ్రాతపరీక్షయు దోషరహితము గాదు. 2019 ఏప్రిలులో ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడినప్పుడు తెలుగులో 99 రావలసిన బాలికకు సున్న పడినది. ఆ ఫలితములు చూచి ప్రాణములు తీసికొన్న పిల్లలు కలరు. తుదకు తప్పినవారి పత్రముల నన్నిటిని రుసుము లేకుండ మరల సరిచూడ వలసివచ్చెను. ఒక్కదినపు కాగితముపై బ్రదుకంతయు మోపరాదనుటకు ఇంతకంటె నేమి కావలెను? ఆ ఇంటర్మీడియేటులోనే భౌతిక, రసాయన శాస్త్రములకు ప్రయోగపరీక్షలు ముందునుండియు నున్నవి. 2023-24 నుండి ఇంగ్లీషునకును 20 మార్కుల ప్రయోగపరీక్ష చేర్చిరి.

కనుక మీరు బడికి పోయినప్పుడు ఎన్ని మార్కులని మాత్రమే యడుగకుడు. మా పిల్ల వ్రాతపుస్తకము చూపుడు, భాగస్వామ్యమునకు మూడే వేసితిరేల యని మర్యాదగా నడుగుడు. ఇంకొక మాట. పసుపు త్రవ్వు దినములును నాలుగవమారు మార్కులు కట్టు దినములును ఇంచుమించు కలిసివచ్చును. ఆ వారములలో పిల్లను చేనికి పిలువక బడికే పంపుడు.