అటెన్‌బరో: ఒక విరళమైన ఇంటిపేరి వృత్తాంతము

1982లో వెలువడిన ‘గాంధీ’ చలనచిత్రమును చూచిన తెలుగువారికి దాని దర్శకుడగు రిచర్డ్ అటెన్‌బరో పేరు సుపరిచితమే. వన్యమృగములను గూర్చియు, పక్షులను గూర్చియు, సాగరగర్భమందలి ప్రాణులను గూర్చియు దశాబ్దములుగా దూరదర్శనమున ప్రసంగించిన ఆతని తమ్ముడు డేవిడ్ పేరు వినని విజ్ఞానప్రియులును అరుదుగనే యుందురు. ఈ సోదరుల కీర్తి వలన అది ఆంగ్లదేశమున ఇంటింట వినబడు నామమని మనకు తోచును గాని, స్మిత్, జోన్స్, టేలర్ వంటి పేర్లను లక్షలకొలది జనులు వహించుచుండగా, అటెన్‌బరో అను ఇంటిపేరుగలవారు మిక్కిలి స్వల్పసంఖ్యాకులు. ఒక పేరు దేశమంతట వ్యాపించుటకును, వేరొకటి కొద్దిపాటి కుటుంబములతో ఆగిపోవుటకును గల కారణమేమి? ఈ ప్రశ్నకు చరిత్రము కొంత సమాధానము చెప్పగలదు. గణితము మరికొంత చెప్పినది. మిగిలినదానిని గత పాతికేండ్లలో జన్యుశాస్త్రము చెప్పినది. ఆ మూడింటిలో జనులు సామాన్యముగా విస్మరించునది గణితము చెప్పిన మాటయే గనుక ఈ వ్యాసమున దానికే అధికస్థానము నిచ్చుచున్నాను.

క్రీ.శ. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించుటకు పూర్వము ఆ దేశపు జనులకు తండ్రి నుండి కుమారునకు సంక్రమించు ఇంటిపేర్లు లేవు. ఒక గ్రామమున ఒకే పేరుగలవా రిద్దరున్నచో, ఒకనిని వాని తండ్రి పేరుతోను, రెండవవానిని వాని వృత్తితోనో, ఒంటి రంగుతోనో, నివాసస్థానముతోనో కలిపి చెప్పుకొనెడివారు. ఆ విశేషణము వానితోనే పుట్టి వానితోనే నశించెడిది. విజేతలగు నార్మను ప్రభువులు తమ భూముల పేర్లను తమ పేర్లకు చేర్చుకొని, భూమితోపాటు పేరునుగూడ వారసునకు అప్పగించు ఆచారమును తెచ్చిరి. అది ప్రభువుల నుండి పట్టణవర్తకులకును, వారి నుండి కృషీవలులకును దిగివచ్చుటకు రమారమి మూడు శతాబ్దములు పట్టినది. భూవివాదములను విచారించు న్యాయస్థానముల పత్రములును, 1377, 1379, 1381 సంవత్సరములలో విధింపబడిన తలపన్ను పట్టికలును మనుష్యులను పేరుపేరున గుర్తింపవలసిన అవసరమును పెంచినవి. 1400 ప్రాంతమునకు ఇంగ్లండులోని కుటుంబములలో అధికభాగమునకు స్థిరమైన ఇంటిపేర్లు ఏర్పడినవి.

ఈ పేర్లలో కొన్ని వృత్తులను, కొన్ని పితృనామములను, కొన్ని శారీరకలక్షణములను, మరికొన్ని ఊళ్లను తెలుపును. కమ్మరి లేని గ్రామము లేదు కావున ‘స్మిత్’ అను పేరు ఒకదానితో నొకటి సంబంధము లేని వందలాది కుటుంబములలో వేర్వేరుగా పుట్టినది. ఊరిపేరి సంగతి అట్టిది కాదు. ఊరిపేరు ఇంటిపేరు కావలెనన్న మనుష్యుడు ఆ ఊరు విడిచి పోవలెను. సొంత ఊరిలో అందరును ఆ ఊరివారే యగుట వలన ఆ పేరుతో ఎవనిని పిలిచినను ప్రయోజనము లేదు. ఊళ్ల పేర్లే ఇంటిపేర్లుగా గల కుటుంబములను నిత్యము చూచు మన తెలుగు పాఠకులకు ఈ మాట వింతగా తోపదు. చిన్న గ్రామము నుండి వలసపోయి, ఆ పేరిట క్రొత్తచోట స్థిరపడినవారు ఒకరో ఇద్దరో యుందురు. అందువలన ఇట్టి పేరు పుట్టుకతోనే అల్పసంఖ్యాకము.

అటెన్‌బరో అట్టి గ్రామము. అది నాటింగ్‌హామ్ నగరమునకు నైరృతిదిశను ట్రెంట్ నదీతీరమున నున్నది. ఇంగ్లండు అంతర్యుద్ధమున పార్లమెంటు పక్షమున పోరి, ఆలివర్ క్రామ్‌వెల్‌కు అల్లుడైన సేనాని హెన్రీ ఐర్టన్ 1611లో జన్మించిన దిచటనే. నదియొడ్డున కంకర త్రవ్వగా ఏర్పడిన గోతులు నీటితో నిండి సరస్సులై, నేడు పక్షులకు ఆశ్రయమైనవి. ఆ సంరక్షణక్షేత్రమును 1966లో ప్రారంభించినవాడు డేవిడ్ అటెన్‌బరోయే యగుట ఎంతయు సముచితము. ఊరి పేరు ఒకానొక ప్రాచీన ఆంగ్లపురుషుని నామమునకు కోట యను అర్థముగల పదము చేరగా నేర్పడినదని స్థలనామ పండితుల అభిప్రాయము. కాని ఇంటిపేరి విషయమున వేరొక ఊహకును అవకాశము కలదు: మధ్యకాలపు ఆంగ్లమున ‘కోటకడ నుండువాడు’ అను అర్థముగల పలుకు కూడ ఇంచుమించు ఇట్లే వినబడును. కోటలు దేశమున ఎన్నియో కలవు కావున, ఆ రెండవ ఊహయే నిజమైనచో, ఈ పేరు అనేకస్థలముల స్వతంత్రముగా పుట్టియుండవలెను. చర్చిలలో నామకరణ, వివాహ, మరణములను వ్రాసియుంచు పద్ధతి రాజమంత్రియగు థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞచే ప్రారంభమైనది 1538లో. ఇంటిపేర్లు పుట్టినది అంతకు రెండుమూడు వందలయేండ్లకు పూర్వము. ఆ నడిమికాలమున సామాన్యకుటుంబముల జాడలను పత్రములనుబట్టి తరము వెంట తరముగా పట్టుకొనుట దాదాపుగా అసాధ్యము.

ఇక గణితమునకు వత్తము. ఫ్రాన్సిస్ గాల్టన్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు ప్రతిభ వంశానుగతమని వాదించుచు 1869లో ఒక గ్రంథము వ్రాసెను. ఐనచో ప్రతిభావంతుల వంశములు, ప్రభువుల వంశములు ఏల అంతరించుచున్నవి? ప్రభువులు ధనాశచే సోదరులు లేని ఏకైక పుత్రికలను పెండ్లాడుదురనియు, అట్టి కన్యలు సంతానము తక్కువగల కుటుంబములవారగుట వలన వంశములు క్షీణించుననియు ఆతడు ఒక కారణమును చూపెను. అయితే స్విట్జర్లండు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడగు ఆల్ఫోన్స్ ద కాందోల్ 1873లో ఒక సూక్ష్మమును ఎత్తిచూపెను: ఏ దోషమును లేకున్నను, కొందరకు పుత్రులు కలుగకపోవుట అను కేవల యాదృచ్ఛికము చేతనే పేర్లు తరతరమునకు తగ్గిపోవలసియున్నది గదా! గాల్టను దీనిని గణితసమస్యగా మార్చి అదే సంవత్సరమున ఒక పత్రికలో ప్రకటించెను. మతాచార్యుడును గణితవేత్తయునగు హెన్రీ విలియం వాట్సన్ దానికి పరిష్కారమును సూచింపగా, 1874లో ఇరువురును కలిసి వ్యాసమును వెలువరించిరి. మానవజాతిని ఏరి పెంపొందింపవలెనను గాల్టను సుప్రజనన వాదము ఎంతటి అనర్థములకు దారితీసినదో ఎరిగినవాడనగుటచే దానిని నేను ఏమాత్రమును సమర్థింపను. ఐనను ఈ ప్రశ్న మాత్రము నిర్దోషమైనది, బహుఫలప్రదమైనది.

దాని స్వరూపమును చిన్న ఉదాహరణముతో చూతము. ఒక దేశమున వేయి ఇంటిపేర్లు కలవనియు, ఒక్కొక్కటి ఒక్కొక్క పురుషునితో మొదలైనదనియు భావింపుడు. పురుషులలో నాలుగవవంతుమందికి పుత్రులు లేరు. సగముమందికి ఒక్కడే పుత్రుడు. తక్కిన నాలుగవవంతుమందికి ఇద్దరు. సగటున మనిషికి ఒక పుత్రుడు కావున మొత్తము జనసంఖ్య పెరుగదు, తరుగదు. మొదటి తరమునకే 250 పేర్లు పోవును. రెండవ తరమునకు సుమారు 390, ఐదవ తరమునకు 600, పదియవ తరమునకు 740, ఇరువదియవ తరమునకు దాదాపు 850 పేర్లు నశించును. తరమునకు ముప్పది, ముప్పదియైదు సంవత్సరముల చొప్పున లెక్కించినచో ఇరువది తరములనగా ఇంటిపేర్లు స్థిరపడిన కాలము నుండి నేటివరకు గల వ్యవధియే. ప్రజల సంఖ్య తగ్గలేదు, ఏ వంశమును ఇతరవంశములకన్న బలహీనముగా లేదు; ఐనను వేయింటిలో నూటయేబదియే మిగిలినవి. మిగిలినవే నష్టమైనవాని స్థానమును ఆక్రమించి, ఒక్కొక్కటి సగటున ఆరేడుగురు పురుషులకు చెందియున్నవి.

వాట్సన్ తన సమీకరణమును సరిగనే కట్టెను గాని, దానికి గల రెండు మూలములలో ఒకదానిని విడిచిపెట్టి, పేర్లన్నియు ఎన్నటికైనను అంతరింపక తప్పదని నిర్ణయించెను. సగటు పుత్రసంఖ్య ఒకటికి మించినచో శాశ్వతముగా నిలుచు అవకాశము కూడ కలదని, ఇరువదవ శతాబ్దపు మూడవ దశాబ్దమున ఈ సమస్యను మరల చేపట్టినవారు తేల్చిరి. వారిలో, తన చివరి సంవత్సరములను మన దేశమున గడపి 1964లో భువనేశ్వరమున కన్నుమూసిన జె. బి. ఎస్. హాల్డేన్ ఒకడు. క్రొత్తగా పుట్టిన మేలైన జన్యుభేదము ఒక జాతిలో నిలుచునా, నశించునా అను విషయమును నిర్ణయించుటకు ఆతడు 1927లో ఈ పద్ధతినే ప్రయోగించెను. అమెరికాలోని శ్వేతజాతి పురుషుల జనాభాలెక్కల నాధారముగా గొని ఆల్‌ఫ్రెడ్ లోట్కా 1931లో చేసిన గణన ప్రకారము, జనసంఖ్య వర్ధిల్లుచున్న ఆ సమాజమున సైతము, అప్పుడే పుట్టిన మగశిశువుతో మొదలగు పురుషసంతతి ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోవు సంభావ్యత సుమారు 82 శాతము. పరమాణుకేంద్రము చీలినప్పుడు వెలువడు న్యూట్రానులు వృద్ధియగునా, ఆరిపోవునా యను గణనమునకును రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇదే గణితము అక్కరకు వచ్చినది.

ఈ దృష్టితో ఇంగ్లండు చరిత్రమును చూచినచో 1348–49ల మహామారి ఎంతటి ఘాతమో బోధపడును. ఇంటిపేర్లు అప్పుడప్పుడే స్థిరపడుచున్న తరుణమున, ఒక్కొక్క పేరును ఇద్దరో ముగ్గురో ధరించియున్న దశలో, అది ప్రజలలో మూడవవంతునకు తక్కువ గాకుండ కబళించినది. ఆనాడు పోయిన పేర్లను లెక్కించు సాధనము లేదు. తరువాత పదునెనిమిదవ శతాబ్దమున మొదలై జనసంఖ్య వేగముగా పెరుగుట వలన, అంతవరకు ఎట్లో బ్రదికివచ్చిన పేర్లలో పెక్కు నిలిచినవి. నేటి విరళనామములు చాలవరకు అట్లు తప్పించుకొనినవియే. కావున అటెన్‌బరోవంటి పేరు విరళమగుటకు ఆ వంశపు దోషముగాని, గుణముగాని కారణము కానక్కరలేదు.

అది ఒక్క పురుషుని నుండి పుట్టినదా, అనేకుల నుండియా అను ప్రశ్న మిగిలియున్నది. దీనికి సాక్ష్యము పురుషుల దేహకణములలో నున్న వై-క్రోమోజోమున గలదు. మిగిలిన క్రోమోజోములు తల్లిదండ్రులిద్దరి భాగములు కలిసి తరతరమునకు మారుచుండగా, ఇది స్వల్పభాగము తప్ప యథాతథముగా తండ్రి నుండి కుమారునికే సంక్రమించును. ఆంగ్లేయుల ఇంటిపేరును అట్లే సంక్రమించును. అయితే తాళపత్రగ్రంథమునకు ప్రతి వ్రాయు లేఖకుని చేతిలో ఎక్కడనో ఒక అక్షరము తప్పిపోయినట్లు, వై-క్రోమోజోమున కొన్ని స్థలములలో మరల మరల వచ్చు డి.ఎన్.ఏ. భాగముల సంఖ్య అప్పుడప్పుడు ఒకటి పెరుగును, లేదా ఒకటి తగ్గును. ఒక్కొక్క స్థలమున ఇట్టి మార్పు సుమారు ఐదువందల సంక్రమణలలో ఒకమారు జరుగును. ఇద్దరు పురుషుల క్రోమోజోములందు ఇట్టి స్థలములను పదునేడో ఇరువదియో పోల్చినచో, వారి ఉమ్మడి మూలపురుషుడు సమీపకాలమువాడా, అతిప్రాచీనుడా యని ఊహింపవచ్చును.

ఈ పరిశోధనకు ముఖ్యస్థానము లెస్టర్ విశ్వవిద్యాలయము. వ్యక్తులను డి.ఎన్.ఏ. ముద్రలచే గుర్తించు విధానమును 1984లో అలెక్ జెఫ్రీస్ కనుగొనినది అచటనే. ఆ విశ్వవిద్యాలయము ఇంకను కళాశాలగా నున్నప్పుడు, 1932 నుండి 1951 వరకు దాని అధిపతిగా నుండినవాడు రిచర్డ్, డేవిడ్‌ల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో. అచటి శాస్త్రజ్ఞులగు తూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ నలుబది ఇంటిపేర్లకు చెందిన 1678 మంది పురుషులను పరీక్షించి 2009లో ఫలితములను ప్రకటించిరి. స్మిత్ అను పేరుగల ఇద్దరి మధ్య సామ్యము, దారిన పోవు ఏ ఇద్దరి మధ్యనైన ఉండునంతకన్న అధికము కాదు. అటెన్‌బరోలలో నన్ననో, నూటికి డెబ్బదిమందికి పైగా ఒకే విధమగు, లేదా ఇంచుమించు ఒకే విధమగు వై-క్రోమోజోమును వహించియుండిరి.

దీనినిబట్టి మూలపురుషుడు ఒక్కడేయని వెంటనే నిర్ణయింపరాదు. ఆదిని నలుగురైదుగురు అటెన్‌బరోలు వేర్వేరుగా ఉండి, వారిలో ఒక్కని సంతతి తప్ప తక్కినవారి సంతతులు పైన చెప్పిన గణితక్రమమున అంతరించినను, నేడు మనకు కానవచ్చు చిత్రము ఇదియే యగును. నేటి ఏకత్వము ఆదిమ ఏకత్వమునకు నిదర్శనము కాదనుటయే ఈ పరిశోధనలో నాకు అన్నిటికన్న విలువైన అంశముగా తోచినది. మిగిలినవారి మాటయేమి? దత్తత, తల్లి పేరును స్వీకరించుట, పేరు మార్చుకొనుట, వివాహబాహ్య జననము—ఇవన్నియు పేరును రక్తమునుండి విడదీయును. అట్టి సంఘటనలు తరమునకు నూటికి ఒకటి నుండి నాలుగున్నర వరకు జరిగియుండునని ఆ పరిశోధకులు అంచనా వేసిరి. నూటికి రెండు చొప్పుననే గణించినను, ఇరువది తరములు గడచుసరికి నూటికి అరువదియేడుగురే మూలపురుషుని క్రోమోజోమును నిలుపుకొందురు. ఆ లెక్కకు అటెన్‌బరోలు మంచిస్థితిలోనే యున్నారు.

2007లో అదే విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన వేరొక ఉదంతము మిక్కిలి ఆశ్చర్యకరమైనది. తూర్పు యార్క్‌షైరునకు చెందిన ఒక విరళమైన ఇంటిపేరు గల పదునెనిమిదిమంది పురుషులలో ఏడుగురు, పశ్చిమాఫ్రికాలో తప్ప ఇతరత్ర దాదాపుగా కానరాని అతిప్రాచీనశాఖకు చెందిన వై-క్రోమోజోమును ధరించియుండిరి. వంశవృక్షములను వెదకగా అవి 1780 ప్రాంతమున యార్క్‌షైరులో నుండిన రెండు కుటుంబములవరకు పోయినవి. ఆ రెండింటికిని మూలమైన ఆఫ్రికా సంతతివాడు అంతకు పూర్వమే ఆ దేశమున నుండవలెను. రోమనుల సైన్యముతో వచ్చినవాడో, బానిసల వర్తకకాలమున వచ్చినవాడో చెప్పుటకు ఆధారము లేదు. ఆ ఏడుగురి రూపమున ఆఫ్రికా ఛాయ లేకుండుటలో వింత లేదు: ఇరువది తరముల వెనుకకు పోయినచో ప్రతి మనుష్యునకును పదిలక్షలకు పైబడిన పూర్వజస్థానములు కలవు, ఇంటిపేరును, వై-క్రోమోజోమును చెప్పునది అందులో ఒక్క స్థానమును గూర్చియే.

విరళనామములకు ఒక లౌకికప్రయోజనమును కలదు. 2006లో లెస్టర్ పరిశోధకులు, ఒకే ఇంటిపేరుగల నూటయేబది జంటలను పోల్చి, జంటలలో సుమారు నాలుగవవంతు ఇటీవలి మూలపురుషుని సంతతివారనియు, విరళనామములలో ఆ పాలు సగమునకు సమీపించుననియు కనుగొనిరి. నేరము జరిగినచోట లభించిన రక్తబిందువునుండి అపరిచితుడగు దోషి ఇంటిపేరును ఊహించి, అనుమానితుల పట్టికలో ఎవరిని ముందు విచారింపవలెనో పోలీసులకు సూచించుటకు ఇది ఉపకరింపవచ్చునని వారు ప్రతిపాదించిరి. దోషి స్మిత్ అయినచో ఈ ఉపాయము నిరర్థకము. అటెన్‌బరోవంటి పేరుగలవాడైనచో ఆ సూచనకు కొంత బలము కలుగును. అప్పుడైనను అది దర్యాప్తునకు దారి చూపునదే గాని సాక్ష్యము కాదు. నిర్ణయమునకు ఆ వ్యక్తి సంపూర్ణమైన డి.ఎన్.ఏ. ముద్రయే ప్రమాణము.