11 మందిలో ఆ ఒక్కడు: క్వార్టర్‌బ్యాక్ లెక్క

అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో టెక్సస్‌లోని ఫ్రిస్కో ఒకటి. డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ప్రధాన కేంద్రం 2016 నుంచి అక్కడే ఉంది. అందుకే అక్కడి మనవడు మిర్యాలగూడలోని తాతయ్యతో ఫోన్లో మాట్లాడుతూ డాక్ ప్రెస్కాట్ పేరెత్తితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ప్రెస్కాట్ కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్, అంటే దాడిని నడిపించే ఆటగాడు. 2024 సెప్టెంబరులో 4 ఏళ్లకు 24 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఏడాదికి సగటున 6 కోట్ల డాలర్లు, అంటే అప్పటి లెక్కలో సుమారు 500 కోట్ల రూపాయలు. ఆ ఏడాది ఒక్కో జట్టు జీతాలకు లీగ్ పెట్టిన పరిమితి 25.54 కోట్ల డాలర్లు. జట్టులో ఉండేది 53 మంది. ఈ ఒక్కడి సగటు జీతమే ఆ పరిమితిలో దాదాపు నాలుగో వంతు.

అంత డబ్బు ఎందుకు?

మైదానంలో ఒక్కో వైపు 11 మంది. బంతి ఉన్న జట్టు 4 ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ 4 ప్రయత్నాలు దక్కుతాయి. లేకపోతే బంతి ఎదుటివాళ్లది.

ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య 40 సెకన్లు. కోచ్ ఎత్తుగడను రేడియోలో చెబుతాడు. దాడికి దిగిన 11 మందిలో అది వినిపించేది క్వార్టర్‌బ్యాక్‌కే. అతని హెల్మెట్ వెనక ఉండే ఆకుపచ్చ చుక్క దానికి గుర్తు. ఇంకా 15 సెకన్లు ఉన్నాయనగా రేడియో ఆగిపోతుంది. ఆపైన నిర్ణయం అతనిదే. ఎదుటి జట్టు మోహరింపు చూసి, కావాలంటే అక్కడికక్కడే కేకేసి ఎత్తుగడ మార్చేస్తాడు.

బంతి చేతికొచ్చాక దొరికేది సుమారు 3 సెకన్లు. ఎదుటి జట్టు భారీకాయులు మీద పడబోతుంటే, విసరాలా, పక్కవాడికి అందించాలా, తానే పరుగెత్తాలా అన్నది ఆలోపే తేలాలి. మన ఊళ్లో వాలీబాల్ ఆడేటప్పుడు బంతి లేపి ఇచ్చేవాడు తడబడితే ఎంత గొప్ప షాట్ కొట్టేవాడైనా ఏం చేయగలడు? ఇక్కడా అంతే.

ఫలితాల్లో ఎంత తేడా?

2020లో ప్రెస్కాట్ చీలమండ విరిగి అయిదో ఆటతోనే సీజన్‌కు దూరమయ్యాడు. కౌబాయ్స్ 6 గెలిచి 10 ఓడింది. 2021లో అతను తిరిగొచ్చాక 12 గెలిచి 5 ఓడింది. లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు 2013 నుంచి 2024 సీజన్ దాకా వరుసగా 12 సార్లు క్వార్టర్‌బ్యాక్‌లకే దక్కింది.

అలాగని ఒక్కడితోనే కప్పు రాదు. ముందు నిలబడి అడ్డుకునే అయిదుగురు తప్పుకుంటే ఆ 3 సెకన్లు కూడా దొరకవు. 2016లో వచ్చిన ప్రెస్కాట్ ఇన్నేళ్లలో జట్టును లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కు ఒక్కసారి కూడా చేర్చలేకపోయాడు. మంచి క్వార్టర్‌బ్యాక్ లేకుండా గెలవడం చాలా కష్టం. అతనొక్కడే ఉంటే గెలవడం ఇంకా కష్టం.