పెద్దల నడవడియే పిల్లల పాఠము



"మా బిడ్డ ఎంత చెప్పినను వినుట లేదు" అని ప్రవచనానంతరము తల్లిదండ్రులు మా కడ వాపోవుచుందురు. బిడ్డ చెప్పినది వినకపోవచ్చును. చూచినదానిని మాత్రము మరువదు. దీనిని ఆధునిక మనస్తత్వశాస్త్రము ఎట్లు పరీక్షించినదో నేడు విచారింతము.

రష్యా దేశీయుడైన పావ్‌లోవ్ కుక్కలకు ఆహారమిడుటకు ముందు ఒక శబ్దమును వినిపించుచుండెను. కొన్నినాళ్లకు ఆ శబ్దము విన్నంతనే వాటి నోట లాలాజలము ఊరెను. అమెరికాలో స్కిన్నర్ అను పండితుడు, మంచి ఫలమునిచ్చిన చర్యను ప్రాణి మరల మరల చేయునని చూపెను. ఆ ఫలప్రాప్తికి పునర్బలనమని పేరు. ఇదియే ప్రవర్తనావాదము.

అయితే ప్రతిదానిని స్వయముగా ఫలమనుభవించియే నేర్వవలెనా? అక్కరలేదని చెప్పినవాడు ఆల్బర్ట్ బండూరా. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శిశుపాఠశాలలోని 72 మంది బాలబాలికలపై జరిపిన పరిశోధనను ఆయన సహచరులతో కలిసి 1961లో ప్రకటించెను. గాలి నింపిన పెద్ద బొమ్మను ఒక పెద్దమనిషి సుత్తితో కొట్టుచు, పరుషముగా పలుకుచుండగా కొందరు పిల్లలు చూచిరి. పిదప వారిలో పలువురు ఆ దెబ్బలనే, ఆ మాటలనే అనుకరించిరి.

1965లో ప్రకటించిన పరిశోధన ఇంకను గంభీరమైనది. చలనచిత్రములో కొట్టినవానికి శిక్ష పడుట చూచిన పిల్లలు తక్కువగా అనుకరించిరి. కాని చూచినది చేసి చూపినచో బహుమానమిత్తుమనగా, వారును ఇతరులతో సమానముగా చేసి చూపిరి. అనగా శిక్షాభయము చేయవలెనను కోరికను అణచినదే కాని, నేర్చినదానిని చెరుపలేదు.

మా అనుభవమొకటి మనవి చేయుదుము. గురువు ఒక మారు పలుకగా శిష్యుడు రెండు మారులు పలుకుట వేదాధ్యయనమున సంథ చెప్పు పద్ధతి. పాఠము చెప్పు దినములలో స్వరము తప్పిన విద్యార్థిని మేము బెత్తముతో దండించి, కఠినముగా మాటలాడుచుంటిమి. ఒకనాటి సాయంకాలము పెద్ద విద్యార్థి ఒకడు చిన్నవానికి సంథ చెప్పుచు, మా మాటలనే, మా గొంతుతోనే పలికి చేయెత్తెను. అది మేము వానికి ఎన్నడును బోధింపలేదు. స్వరమును నేర్పిన నోరే పరుషమును కూడ నేర్పినది. ఆ దినముననే బెత్తమును విడిచితిమి.

శ్రేష్ఠుడు ఆచరించినదానిని లోకము అనుసరించునని గీత మూడవ అధ్యాయమున భగవానుడు అర్జునునకు తెలిపెను. ఇంట బిడ్డకు శ్రేష్ఠులు తల్లిదండ్రులే. కావున కోపము వచ్చిన క్షణమున మన నోటిని, మన చేతిని రెండు చిన్ని కన్నులు చూచుచున్నవని స్మరింతము. అదియే ఆ దినమునకు మనము చెప్పు పాఠము.

స్వస్తి.