ఇంటర్వ్యూకు పిలుపు.. దారి ఖర్చు ఎవరిది?

* ప్రైవేటు సంస్థలను కట్టడి చేసే చట్టం లేదు
* కేంద్ర కొలువుల్లో కొందరికి ఛార్జీల చెల్లింపు
* 2020 నుంచి నిలిచిన రైల్వే రాయితీ
* అవగాహన లేక నష్టపోతున్న నిరుద్యోగులు

సంగారెడ్డి: దరఖాస్తు పంపడానికి పెద్దగా ఖర్చు కాదు. పిలుపు వచ్చిన తర్వాతే అసలు ఖర్చు మొదలవుతుంది. రైలు ఛార్జీ, బస్సు ఛార్జీ, ఆటో, భోజనం, రాత్రి బస, ధ్రువపత్రాల జిరాక్సు ప్రతులు.. అన్నీ కలిపి తడిసి మోపెడవుతున్నాయి. ఉద్యోగం వస్తుందో రాదో తెలియని దశలోనే నిరుద్యోగికి చేతి చమురు వదులుతోంది. ఈ ఖర్చు పిలిచిన సంస్థ భరించాలా, వెళ్లిన అభ్యర్థి భరించాలా అన్న విషయమై చాలామందికి స్పష్టత లేదు. హక్కుగా రావలసిన సొమ్మును అడగక వదులుకుంటున్నవారు కొందరైతే, వస్తుందని ఆశపడి అప్పు చేసి వెళ్లి నష్టపోతున్నవారు మరికొందరు.

పారిశ్రామిక ప్రాంతాలు విస్తరించిన జిల్లాలో ఈ సమస్య రెండు వైపులా ఉంది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి పరిశ్రమలకు ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా, బిహార్ తదితర రాష్ట్రాల నుంచి పని వెతుక్కుంటూ వస్తారు. మరోవైపు నారాయణఖేడ్, జహీరాబాద్, జోగిపేట ప్రాంతాల డిగ్రీ, ఐటీఐ, డిప్లొమా అభ్యర్థులు పుణె, బెంగళూరు, చెన్నై నగరాలకు ఇంటర్వ్యూల కోసం బయలుదేరుతారు. సంగారెడ్డి, పటాన్‌చెరు పట్టణాలకు సమీపంలో ఎక్స్‌ప్రెస్ రైళ్లు అందుకోవాలంటే లింగంపల్లి వరకో, సికింద్రాబాద్ వరకో వెళ్లక తప్పదు.

ఒక లెక్క వేసి చూస్తే భారం ఎంతో అర్థమవుతుంది. శ్రీకాకుళం నుంచి ఒక ఐటీఐ అభ్యర్థి పాశమైలారంలో ఇంటర్వ్యూకు వచ్చాడనుకుందాం. స్లీపర్ తరగతిలో రానుపోను రూ.900, సికింద్రాబాద్ నుంచి పరిశ్రమ వరకు వెళ్లి రావడానికి రూ.200, రెండు రోజుల భోజనానికి రూ.500, ఒక రాత్రి లాడ్జికి రూ.700 వేసుకున్నా మొత్తం రూ.2,300 అవుతుంది. మూడు చోట్లకు తిరిగితే రూ.6,900. కూలికి వెళ్లే కుర్రాడైతే ఆ రోజుల కూలీ కూడా పోయినట్టే.

ప్రైవేటులో సంస్థ ఇష్టమే

ఇంటర్వ్యూకు పిలిచిన అభ్యర్థికి ప్రయాణ ఖర్చులు చెల్లించి తీరాలని ప్రైవేటు సంస్థలను ఆదేశించే చట్టం మన దేశంలో లేదు. ఇది పూర్తిగా సంస్థ విధానంపై ఆధారపడిన విషయం. నేరుగా హాజరయ్యే ‘వాక్-ఇన్’ ఇంటర్వ్యూల ప్రకటనల్లో టీఏ, డీఏ చెల్లించబడవని అడుగున ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది. ఆ వాక్యం ఉంటే అడిగే అవకాశం లేనట్టే. ఏమీ రాయకుండా వదిలేసినా అభ్యర్థే భరించాలన్నది ఇక్కడి ఆనవాయితీ.

ఉన్నత స్థాయి పోస్టులకు పిలిచినప్పుడు రైలు, అవసరమైతే విమాన ఛార్జీలు సైతం సంస్థలు భరిస్తుంటాయి. ట్రైనీ కెమిస్టు, మెషిన్ ఆపరేటర్, ఫిట్టర్ వంటి పోస్టులకు ఆ సౌకర్యం అరుదు. అంటే వేలల్లో జీతం ఆశించి వచ్చేవాడు సొంత డబ్బు పెట్టుకోవాలి, లక్షల్లో జీతం అందుకునేవాడికి టికెట్ ఇంటికే వస్తుంది. స్థోమత లేనివారిపైనే భారం పడటం ఇందులోని విషాదం.

జర్మనీలో పద్ధతి దీనికి భిన్నం. అక్కడి పౌర స్మృతి ప్రకారం అభ్యర్థిని ఇంటర్వ్యూకు ఆహ్వానించిన సంస్థే సహేతుకమైన ప్రయాణ ఖర్చులు భరించాలి. ఇవ్వదలచుకోకపోతే ఆ విషయాన్ని ఆహ్వానంలోనే ముందుగా స్పష్టం చేయాలి. సంస్థ మౌనంగా ఉంటే అక్కడ సంస్థ ఖర్చు, ఇక్కడ అభ్యర్థి ఖర్చు. తేడా అంతా ఆ మౌనంలోనే ఉంది. అందుకే మన వద్ద ముందుగా అడగవలసిన బాధ్యత అభ్యర్థిపైనే పడుతోంది.

ప్రభుత్వ కొలువుల్లో ఇలా..

ప్రభుత్వ రంగంలో పరిస్థితి కొంత మెరుగు. యూపీఎస్సీ సివిల్ సర్వీసుల వ్యక్తిత్వ పరీక్షకు ఢిల్లీ వెళ్లే ఇతర ప్రాంతాల అభ్యర్థులకు మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ల రెండో తరగతి లేదా స్లీపర్ ఛార్జీల మేరకు రానుపోను ఖర్చులను కమిషన్ తిరిగి చెల్లిస్తుంది. విమానంలో వెళ్లినా అంతకు మించి రాదు.

సైన్యంలో అధికారుల ఎంపికకు నిర్వహించే ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకు ఒక తరహా ప్రవేశానికి తొలిసారి హాజరయ్యేవారికి ఏసీ మూడో తరగతి రైలు ఛార్జీ రానుపోను లభిస్తుంది. అదే తరహా ప్రవేశానికి రెండోసారి వెళితే సొంత ఖర్చే. ఈ తేడా తెలియక మళ్లీ ఛార్జీలు వస్తాయనుకునే అభ్యర్థులు జాగ్రత్తపడాలి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు దూర ప్రాంతాల నుంచి వచ్చే ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు నిబంధనల మేరకు రెండో తరగతి ఛార్జీలు చెల్లించే పద్ధతి ఉంది. ప్రభుత్వ రంగ బ్యాంకుల ఇంటర్వ్యూలకు వెళ్లే ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు రెండో తరగతి సాధారణ రైలు ఛార్జీ లేదా బస్సు ఛార్జీ, అసలు అయిన ఖర్చు.. వీటిలో ఏది తక్కువైతే అది ఇస్తారు. టికెట్ చూపాలి. ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారికి ఇది వర్తించదు. రైల్వే నియామక పరీక్షలకు హాజరయ్యే ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఉచిత ప్రయాణ పత్రం ఇస్తారు. దరఖాస్తు సమయంలోనే ఆ సౌకర్యం కోరుకోవాలి.

జిల్లాలోని రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం, కంది ఐఐటీ వంటి సంస్థల నియామకాలకు దరఖాస్తు చేసేవారు ప్రతి నోటిఫికేషన్‌లోనూ ప్రయాణ భత్యం పేరా చదవాలి. గతంలో ఒక పోస్టుకు ఇచ్చారు కనుక ఈసారీ ఇస్తారని అనుకోరాదు.

ఇంటర్వ్యూలే తగ్గిపోవడం మరో మార్పు. కేంద్రంలో గ్రూప్-సి, గ్రూప్-డి, నాన్ గెజిటెడ్ గ్రూప్-బి పోస్టులకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు రద్దయ్యాయి. గ్రూప్-1, గ్రూప్-2లకు ఇంటర్వ్యూలు తొలగించాలని తెలంగాణ మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో నిర్ణయించింది. దీంతో ఒక ప్రయాణం తప్పినా, పరీక్షా కేంద్రానికి వెళ్లే ఖర్చు మాత్రం అలాగే ఉంది.

రైలు రాయితీ ఆగిపోయింది

ప్రభుత్వ కొలువుల ఇంటర్వ్యూలకు వెళ్లే నిరుద్యోగ యువతకు రైల్వే ఒకప్పుడు రాయితీ ఇచ్చేది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకైతే రెండో తరగతిలో పూర్తిగా, స్లీపర్‌లో సగం ఛార్జీ మినహాయించేవారు. ప్రభుత్వ రంగ సంస్థలు, విశ్వవిద్యాలయాల వంటి వాటికి సగం రాయితీ ఉండేది. కరోనా నేపథ్యంలో 2020 మార్చి 20 నుంచి చాలా రాయితీలను రైల్వే నిలిపివేసింది. దివ్యాంగులు, రోగులు, విద్యార్థుల్లో నిర్ణీత వర్గాలకే కొనసాగించింది. నిరుద్యోగుల రాయితీ ఆ కొనసాగింపు జాబితాలో లేదు. పాత పుస్తకాల్లో, పాత వెబ్‌సైట్లలో ఈ రాయితీ ఇంకా కనిపిస్తుండటంతో స్టేషన్‌కు వెళ్లి నిరాశతో తిరిగివచ్చే ప్రమాదం ఉంది.

మహిళలకు ఆర్టీసీ ఊరట

రాష్ట్రం లోపల ఇంటర్వ్యూకు వెళ్లే మహిళలకు మహాలక్ష్మి పథకం అక్కరకు వస్తోంది. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ప్రయాణం ఉచితం. నారాయణఖేడ్ నుంచి పటాన్‌చెరుకు, జహీరాబాద్ నుంచి హైదరాబాద్‌కు పైసా లేకుండా చేరుకోవచ్చు. రాష్ట్ర సరిహద్దు దాటితే వర్తించదు. జహీరాబాద్ నుంచి బీదర్ వెళ్లాలంటే సరిహద్దు తర్వాత ఛార్జీ చెల్లించాలి. కండక్టర్ ఇచ్చే జీరో టికెట్‌పై సంస్థను ఛార్జీ కోరే వీలుండదు, ఎందుకంటే చెల్లించిన సొమ్ము లేదు.

వలస కార్మికుడికి చట్టం చెప్పేదేమిటి?

పరిశ్రమల్లో కింది స్థాయి పనికి ఇంటర్వ్యూ ఉండదు. మేస్త్రీ ఫోనే పిలుపు. గుంపుగా రైలెక్కి వచ్చేస్తారు. ఆ టికెట్ డబ్బు తర్వాత కూలీలోంచి మినహాయించినా చాలామంది నోరెత్తరు. నిజానికి ఉద్యోగార్థి విషయంలో మౌనంగా ఉన్న చట్టం కార్మికుడి విషయంలో మాట్లాడింది.

1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం, కాంట్రాక్టరు ద్వారా మరో రాష్ట్రానికి వచ్చిన కార్మికుడికి స్వస్థలం నుంచి పనిచోటుకు, తిరిగి వెళ్లడానికి అయ్యే ఛార్జీకి తగ్గకుండా ప్రయాణ భత్యాన్ని కాంట్రాక్టరే చెల్లించాల్సి ఉండేది. ప్రయాణంలో గడిచిన రోజులకు వేతనమూ ఇవ్వాల్సి ఉండేది. ఆ చట్టం స్థానంలో వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్-2020, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. పది మంది లేదా అంతకు మించి అంతర్రాష్ట్ర వలస కార్మికులున్న సంస్థ, స్వస్థలానికి వెళ్లి వచ్చేందుకు ఏడాదికి ఒక ఏకమొత్తాన్ని చెల్లించాలని ఈ కోడ్ నిర్దేశించింది. ఎంతకాలం పనిచేసినవారికి, ఏ తరగతి ఛార్జీ అన్నది ప్రభుత్వ నియమావళి నిర్ణయిస్తుంది. సొంతంగా వచ్చి పనిలో చేరినవారినీ నిర్వచనంలో చేర్చడం కొత్త అంశం. నెల వేతనం రూ.18 వేలు మించరాదన్న పరిమితి ఉంది. ప్రభుత్వం దీన్ని పెంచవచ్చు.

2014 జూన్ 2కు ముందు శ్రీకాకుళం నుంచి పటాన్‌చెరుకు వచ్చిన కార్మికుడు సొంత రాష్ట్రంలో ఉన్నట్టే లెక్క. రాష్ట్ర విభజన తర్వాత అతడూ అంతర్రాష్ట్ర కార్మికుడే. ఈ సంగతి తెలిసిన తెలుగు కార్మికులు తక్కువ.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా మరణించారు. వారిలో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు అనేకులు. ఎవరు, ఏ ఊరి నుంచి, ఎవరి ద్వారా వచ్చారన్నది కాగితంపై ఉండటం ఎంత అవసరమో అటువంటి వేళ తెలుస్తుంది. చెల్లించిన ప్రయాణ భత్యం రసీదు అటువంటి ఆధారాల్లో ఒకటి.

ఎదురు సొమ్ము అడిగితే అనుమానించాల్సిందే

విమాన టికెట్ పంపుతామని, అందుకు ముందుగా డిపాజిట్ కడితే ఇంటర్వ్యూ రోజున తిరిగి ఇస్తామని ప్రముఖ సంస్థల పేరిట నకిలీ లేఖలు పంపే మోసగాళ్లున్నారు. ఛార్జీలు ఇచ్చే సంస్థ అభ్యర్థి నుంచి సొమ్ము కోరదు. టికెట్ తానే కొని పంపుతుంది, లేదంటే ప్రయాణం తర్వాత చెల్లిస్తుంది. డబ్బు అడిగిన వెంటనే సంస్థ కార్యాలయ ఫోన్ నంబరును వేరుగా వెతికి విచారించాలి. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫిర్యాదు చేయాలి.

బయలుదేరే ముందు..

* పిలుపు లేఖను చివరి వరకు చదవాలి. ప్రయాణ భత్యం ప్రస్తావన లేకపోతే ఈమెయిల్ ద్వారా మర్యాదగా అడగాలి. ఫోన్‌లో ఇచ్చిన మాటకు ఆధారం ఉండదు.
* ఇస్తామంటే ఏ తరగతికి, ఎక్కడి నుంచి, ఎంతవరకు, ఎన్ని రోజుల్లో అన్నది తెలుసుకోవాలి. దరఖాస్తులో రాసిన చిరునామా నుంచి దగ్గరి దారిని లెక్కగట్టడం సాధారణంగా కనిపించే నిబంధన.
* రైలు, బస్సు టికెట్లు పారవేయరాదు. ఫోన్‌లో ఉన్న టికెట్‌ను ముద్రించి ఉంచుకోవాలి.
* కుల ధ్రువపత్రం, దివ్యాంగ ధ్రువపత్రం నకళ్లు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ నకలు వెంట ఉండాలి. ఛార్జీల ఫారం అక్కడే పూర్తి చేసి ఇవ్వాలి.
* తొలి విడత ఇంటర్వ్యూ వీడియో ద్వారా జరిపే వీలుందా అని అడగడంలో తప్పు లేదు. కరోనా తర్వాత అనేక సంస్థలకు ఆ పద్ధతి అలవాటైంది.

ఛార్జీ అడిగితే ఉద్యోగం పోతుందన్న భయం అభ్యర్థుల్లో ఉంది. ముందుగా, మర్యాదగా అడిగిన ఒక ప్రశ్నకు ఆగ్రహించే సంస్థ రేపు జీతం విషయంలో ఎలా వ్యవహరిస్తుందో ఆలోచించుకోవలసిందే. పరిశ్రమలు తమ ప్రకటనల్లో ప్రయాణ ఖర్చు ఇస్తామనో, ఇవ్వలేమనో ఒక్క వాక్యం స్పష్టంగా రాస్తే సగం సమస్య తీరుతుంది. తొలి వడపోతను ఫోన్‌లోనో, జిల్లా ఉపాధి కల్పనా కార్యాలయం నిర్వహించే జాబ్ మేళాల్లోనో ముగించి, ఎంపికకు దగ్గరైన కొద్దిమందినే దూరం నుంచి పిలిస్తే వందలాది కుటుంబాలకు అప్పు తప్పుతుంది. నిలిచిన రైల్వే రాయితీని నిరుద్యోగులకు పునరుద్ధరించే విషయాన్ని కేంద్రం పరిశీలించాల్సి ఉంది. అంతవరకు ప్రయాణానికి ముందు రాసి పంపిన ఒక్క ప్రశ్నే అభ్యర్థికి రక్షణ.