అడుగున తిరుగు కత్తి

ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో అమెరికాలో పానీయములను కలుపుటకు వాడిన యంత్రములకు మోటారు పైన నుండెడిది; దానినుండి సన్నని కడ్డీ యొకటి గ్లాసులోనికి దిగి, పాలను నురుగు గట్టునట్లు చిలుకుచుండెడిది. దుంపను గాని కాయను గాని నలుగగొట్టుట దాని శక్తికి మించిన పని. పోలండునుండి వచ్చి విస్కాన్సిన్ రాష్ట్రమున స్థిరపడిన స్టీఫెన్ పొప్లావ్‌స్కీ 1922లో పేటెంటు కోరిన యంత్రమున ఈ యమరిక తలక్రిందులై, మోటారు పీఠములోనికిని, తిరుగుడు రెక్క పాత్ర యడుగునకును దిగినవి. బ్లెండరు అను ఈ యంత్రముయొక్క తరువాతి ఘనత యంతయు ఆ చిన్న మార్పునుండియే పుట్టినదని నా నిశ్చయము. ఏలయన, అడుగున కత్తి తిరిగినపుడు ద్రవము పాత్ర గోడల నొరసికొని పైకెగసి, నడుమ సుడియై మరల క్రిందికి దిగును. పైని తునుకలు ఒకదాని వెంట నొకటి తామై కత్తివాతకు వచ్చును.

అయితే పాత్ర యడుగును తొలిచి ఇరుసు నమర్చినచో అచ్చట ద్రవము కారకుండ చూడవలెను. ఫ్రెడ్ ఓసియస్ రూపొందించిన యంత్రమునకు ధనసహాయము చేసిన ఫ్రెడ్ వేరింగ్, సంగీతబృంద నాయకుడయ్యును, ఆ లోపమును సరిచేయించి, 1937లో షికాగో ప్రదర్శనమున దానిని ప్రజల ముందుంచెను.

పిదప నది ప్రయోగశాలలను చేరెను. 1952లో కోల్డ్ స్ప్రింగ్ హార్బరునందు ఆల్ఫ్రెడ్ హెర్షీ, మార్తా చేజ్ అనువారు బాక్టీరియాను ఆశ్రయించు వైరసుల ప్రోటీను తొడుగులకు రేడియోధార్మిక గంధకమును, లోని డి.ఎన్.ఏ.కు రేడియోధార్మిక భాస్వరమును గుర్తుగా నిచ్చి, అవి బాక్టీరియాకు అంటుకొన్న పిమ్మట ఆ మిశ్రమమును బ్లెండరులో త్రిప్పిరి. ద్రవపు పొరలు వేరువేరు వేగములతో ఒండొంటిని ఒరయుటచే కలుగు కోతబలమునకు తొడుగులలో చాలభాగము ఊడిపోయినను, బాక్టీరియా చెక్కుచెదరలేదు. భాస్వరము హెచ్చుభాగము వానిలోపలనే యుండెను. వంశలక్షణములను మోయునది డి.ఎన్.ఏ. యే యనుటకు ఇంత బలమైన సాక్ష్యమును వంటయింటి పాత్ర యిచ్చుట నా కెంతయు ఆనందము గొలుపు విషయము.

ఆ కోతబలమే జపాను తరహా అల్లపు సలాడు డ్రెస్సింగునకును ఆధారము. 1964లో హిరోఆకి ఆవోకి న్యూయార్కున తెరచిన బెనిహానా వంటి భోజనశాలలలో, వేడి ఇనుపపలకపై వండిన మాంసమునకు ముందు లెట్యూస్ ఆకులపై వడ్డించు నారింజవన్నె డ్రెస్సింగు ఇదియే. ఇంట చేయదలచినవారు అల్లమును చెక్కు తీసి, పీచునకు అడ్డముగా పలుచని బిళ్ళలు కోయవలెను. నిలువుగా కోసినచో పొడుగాటి పీచు మిగిలి నాలుకకు తగులును. క్యారెట్టు, ఉల్లి, సెలరీ కాడ, బియ్యపు వెనిగరు, సోయా సాసు, కొంచెము చక్కెర దానితో చేర్చి, మన రోటిపచ్చడివలె కొంత పలుకు నిలుచువరకు మాత్రమే త్రిప్పవలెను. నూనెను కడపట, యంత్రము తిరుగుచుండగనే, సన్నని ధారగా పోయవలెను. అప్పుడది సూక్ష్మబిందువులై చీలిపోవును. నలిగిన క్యారెట్టు, ఉల్లిపాయల కణభిత్తికల తునుకలు ద్రవమును చిక్కబరచి ఆ బిందువులు తిరిగి కలియుటను ఆలస్యము చేయును, కాని ఆపజాలవు. కావున మరునాడు నూనె పైకి తేలినచో సీసాను గట్టిగా కుదిపి వాడుకొనవచ్చును.